అరకు ప్రయాణపు సన్నాహము



ప్రయాణమనగానే మన యిండ్లలో మొదట పుట్టు ప్రశ్న వంటను గూర్చినది. ఏమి కట్టుకొని పోవలెను, పెద్దవారికి మడి యెట్లు సాగును, పిల్లలకు పాలెచ్చట దొరకును అని స్త్రీ చింతించుచుండగా, ఎచ్చటికి పోవలెను, ఎన్నాళ్లుండవలెను అనునది పురుషులు నిశ్చయింతురు. ఈ రెండు ఆలోచనలును వేఱువేఱుగ సాగుటచేతనే మన ప్రయాణములలో సగము అలసట కలుగుచున్నదని మా యభిప్రాయము. ఈ యేడు కార్తికమాసమున అరకులోయకు బోవలెనని మా యింట తలపెట్టి, ఏర్పాటులన్నియు మా వారు మాకే యొప్పగించిరి. రెండు నెలలుగా మేము విచారించి తెలిసికొన్న సంగతులును, ఇంటిలో జరిగిన తర్జనభర్జనలును పాఠకురాండ్రకు ఉపకరించునని ఇచ్చట వ్రాయుచున్నాము.

ఈ సంకల్పమునకు మూలము ఒక దూరదేశపు లేఖ. మాది విజయనగరము, మా వారు ఉన్నత పాఠశాలలో తెలుగు బోధింతురు. వారియొద్ద చదువుకొన్న బాలుడొకడు పెరిగి పెద్దవాడై జపానుదేశమున ఉద్యోగము చేయుచున్నాడు. అతడు గత వేసవిలో భార్యాబిడ్డలతో క్యోటో నగరమును జూడబోయి, తాను చేసికొన్న యేర్పాటును గురువుగారికి వివరముగా వ్రాసెను. ఊరూర సామాను దించుచు నెక్కించుచు తిరుగక, క్యోటోలో ఒకే బసయందు నాలుగు రాత్రులుండెనట. ఒకనాడు రైలులో నారా పట్టణమునకు బోయి, తొదైజీ ఆలయములోని మహాబుద్ధుని కంచువిగ్రహమును, జనుల నడుమ నిర్భయముగా తిరుగు జింకలను జూచి సాయంకాలమునకు బసకు జేరెను. మఱియొకనాడు తేయాకునకు పేరుపొందిన ఉజి పట్టణమునకు బోయి వచ్చెను. మూడవనాడు బిడ్డకు నలతగా నుండుటచే ఎచ్చటికిని కదలలేదు. ముందుగనే ఒక దినమును ఖాళీగా నుంచుకొన్నందున ప్రయాణము చెడలేదని సంతోషముతో వ్రాసెను.

ఆ లేఖ విన్నది మొదలు మా యమ్మాయి, "అమ్మా, మనం జపాను ఎప్పుడు వెళతాం?" అని యడుగుట మానలేదు. విమానపు టిక్కెట్ల వెల విని మేము మాట మార్చుచుంటిమి. ఒకనాటి రాత్రి మా వారు భూగోళపటమును దీసి, "జపానుకి మనం వెళ్లలేకపోతే ఏమమ్మా, జపాను కోసం వేసిన రైలుదారి మన యింటికి కూతవేటు దూరంలో ఉంది. ముందు అది చూద్దాం" అనిరి.

ఆ మాట హాస్యమునకు అన్నది గాదు. బస్తరు సీమలోని బైలదిల్లా కొండలయందు మేలైన యినుపరాయి కలదు. దానిని జపానులోని ఉక్కు కర్మాగారములకు అమ్ముటకు 1960 లో ఒప్పందము కుదిరెను. ఆ రాతిని విశాఖపట్టణపు రేవునకు జేర్చుటకై, కొత్తవలసనుండి కిరండోలు వఱకు తూర్పు కనుమలను దొలిచి ఆ దశాబ్దములోనే రైలుదారిని నిర్మించిరి. దారి పొడవున 58 సొరంగములు కలవు. శిమిలిగుడ స్టేషను సముద్రమట్టమునకు 996 మీటర్ల యెత్తున నుండి, మన దేశములోని బ్రాడ్‌గేజి స్టేషనులన్నిటిలో నెత్తైనదని చాలకాలము పేరు వహించెను. నేటికిని ఆ దారిలో ఎక్కువగా ప్రయాణము చేయునది యినుపరాయియే. మనుష్యులెక్కు బండ్లు కొద్దిగనే నడచును.

జపాను పేరు మా యత్తగారికి మఱియొక విధముగ దెలియును. 1942 ఏప్రిల్ 6 వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపై బాంబులు వేసినప్పుడు వారి తల్లిగారు అచ్చట ఎనిమిదేండ్ల పిల్ల. ఇంటికి తాళము వేసి, ఎడ్లబండిపై లోపలి గ్రామమునకు బోయిన కథను ఆమె ముదిమివఱకు చెప్పుచుండెడివారట. ఆ సంవత్సరముననే అరకులోయలో సైనికులకు కూరగాయలు పండించుటకై పద్మాపురపు తోటను వేసిరి. ఇరువది యేండ్లు తిరుగకముందే ఆ కొండలను దొలుచు పని జపాను కొనుగోలుకొఱకు సాగినదని విని అత్తగారు, "బాంబులేసిన వాళ్లకోసమే కొండలు తొలిచారా!" అని చాలసేపు ఆశ్చర్యపడిరి. అమ్మాయికి చరిత్రపాఠము ఆ పూట పుస్తకము లేకయే జరిగినది.

ఇక కాలనిర్ణయము. ఉపాధ్యాయుని యింట పంచాంగమునకు తోడు పాఠశాల సెలవుల పట్టికను గూడ చూడవలెను. వేసవి సెలవులు దీర్ఘములే గాని, అప్పుడు కొండలయందు పచ్చదనము తక్కువ. వానకాలమున జలపాతములు నిండుగా దుముకును. అయితే కొండచరియలు విఱిగిపడి దారులు మూతపడు భయమున్నది. సంక్రాంతి సెలవులలో జనసమ్మర్దముచే బస దొరకుట కష్టము. కార్తికమున చలి మొదలగును, తెల్లవాఱుజామున లోయ మంచుతో నిండును, వలిసెపూలు విరిసి పొలములన్నియు పసుపు రాసినట్లుండును. కావున ఆ మాసములో రెండవ శనివారపు సెలవు, ఆదివారము, వానికి ముందు శుక్రవారమున మా వారికి ఒక దినపు సెలవు, ఇట్లు మూడు పగళ్లు రెండు రాత్రులు కుదిరినవి. రైలు రిజర్వేషను ఇప్పుడు 60 దినములకు ముందు తెఱతురు గనుక ఆ తేదీని గోడపంచాంగముమీద కుంకుమతో గుర్తుపెట్టితిమి.

ఇంతవఱకు అన్నియు సాఫీగా నడచినవి. చిక్కు అత్తగారివలన వచ్చినది. వారికి 68 యేండ్లు. మూడేండ్లుగా మోకాళ్ల నొప్పులు. "మీరు నలుగురూ వెళ్లిరండి. నేను ఇల్లు చూసుకుంటాను. తులసికోట దగ్గర దీపం పెట్టేవాళ్లు ఉండాలిగా" అనిరి. మా వారు అది నిజమే యనుకొనిరి. మేమనుకొనలేదు. ఏలయన, బొర్రా గుహలో శివలింగమున్నదని విన్ననాటినుండి ఆమె, ఆవు కథను మనుమనిచే రెండు మూడు పర్యాయములు చదివించుకొనిరి. మేయుచున్న ఆవు గుహపైనున్న రంధ్రమునబడి లోనికి జాఱగా, దానిని వెదకుచు వచ్చిన పసులకాపరికి లింగము కనబడెనని ఆ కథ. అచ్చటి ఏటికి గోస్తని యని పేరు. ఆవు పొదుగని యర్థము. ఆ యేఱే దిగువకు వచ్చి తాటిపూడి జలాశయమున నిలిచి, విశాఖపట్టణవాసులకు త్రాగునీరై, భీమునిపట్టణమువద్ద సముద్రమున గలియుచున్నది. ఇంత తెలిసికొని కోరిక లేదనుట యెట్లు? తాను వెనుకబడిన మనకందఱకు ఆలస్యమగునను సంకోచమే ఆమెను వెనుకకు లాగుచున్నదని గ్రహించితిమి.

మా తల్లిగారు కాశి చూడవలెనని పదేండ్లు కోరుకొనిరి. "వచ్చే యేడు" అని మా తండ్రిగారు, "పిల్ల పురుడయ్యాక" అని ఆమెయు వాయిదా వేయుచుండగానే ఆమె కాలము చేసిరి. ఆమె పెట్టెలో కాశికని దాచుకొన్న క్రొత్త దుప్పటి మడత విప్పకయే యుండినది. ఆ దుప్పటి ఇప్పుడు మా యింటనున్నది. అందుచేత అత్తగారి మాటకు మేము వెంటనే సరే యనలేకపోతిమి.

"అత్తయ్యగారూ, మీ నడకనుబట్టే దినములు లెక్కవేస్తాను. మీకు వీలుకానిచోటికి ఎవరమూ వెళ్లము. అప్పటికీ వద్దనిపిస్తే మానుదురుగాని" అంటిమి. ఆమె యేమియు బదులాడలేదు. మఱునాడు మాత్రము, "ఆ గుహలో మెట్లెన్నిటమ్మా?" అని యడిగిరి.

పెద్దన మనుచరిత్రమునందలి ప్రవరుని కథ మనలో పెక్కుమంది యెఱిగినదే. హిమాలయమును జూడవలెనని మనసుపడి, సిద్ధుడిచ్చిన పసరును కాళ్లకు బూసికొని క్షణములో చేరెను. మంచునీటికి ఆ పసరు కరగిపోగా తిరిగి వచ్చు దారి తోచక చిక్కుపడెను. చిన్ననాడు మా తండ్రిగారి యొద్ద ఆ ప్రబంధము చదివినప్పుడు ప్రవరుని నిష్ఠనుగూర్చి యాలోచించితిమి. ఇప్పుడు ప్రయాణపు పట్టిక వ్రాయుచు, అతడు తిరుగుదారిని గూర్చి ముందుగ యోచింపకపోయెను గదా యని తోచినది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేఱి, పదునైదు నెలలు దాటిన పిదప పెద్ద పరివారముతో క్షేమముగా ఇల్లు చేరిరి. వారి కాశీయాత్ర చరిత్రలో మజిలీలు, దారులు, దొరకు వస్తువులు ఎంత శ్రద్ధతో వ్రాసిరో చూచినవారికి, దూరమును దాటించునది ఆ శ్రద్ధయేయని తెలియును. మాది మూడునాళ్ల ప్రయాణమే యైనను వారి పద్ధతినే యనుసరించి, ఒక నోటుపుస్తకమున మొదట తిరుగుప్రయాణమును వ్రాసి పిమ్మట పోకను వ్రాసితిమి.

ఏర్పాటు ఇట్లు కుదిరినది. క్యోటో లేఖలోని విధమున అరకులోనే ఒకే బస. రెండు రాత్రులును అచ్చటనే. పర్యాటకాభివృద్ధి సంస్థవారి వసతిగృహములో నేల యంతస్తున గది యడుగవలెను. పోవునప్పుడు రైలు, వచ్చునప్పుడు రోడ్డు. విజయనగరమునుండి శృంగవరపుకోటకు బోయి బండి నెక్కుట దగ్గఱ. కాని నడుమ స్టేషనులలో బండి నిలుచునది కొద్దిసేపే. మోకాళ్ల నొప్పులవారు తొందరతో ఎక్కరాదు. అందుచే ముందునాటి సాయంకాలమునకే విశాఖపట్టణమున మా మఱదిగారి యింటికి జేరి, ఉదయమున బండి బయలుదేఱు చోటనే నిమ్మళముగ కూర్చుందుము. వెనుకకు బోయి ముందుకు వచ్చుట యేమని మా వారు మొదట నవ్విరి గాని, తరువాత ఒప్పుకొనిరి.

2017 నుండి ఆ దారిలో పైకప్పునకు గాజు పలకలు గల పెట్టెయొకటి నడచుచున్నది. పిల్లలకు దానిపై మోజు. దాని టిక్కెట్టు వెల సామాన్యపు పెట్టె వెలకు పెక్కు రెట్లు. అత్తగారు, "కిటికీలు మూసిన పెట్టెలో కొండగాలి ఎలా తగులుతుంది?" అని ఒక్క మాటతో ఆ తగవును తీర్చిరి. సామాన్యపు రిజర్వుడు పెట్టెలోనే పోవుదుము. మిగిలిన సొమ్ము తిరుగుదారిలో అద్దెకారునకు సరిపోవును. ఘాటురోడ్డు మలుపులకు మా చిన్నవాడు వాంతి చేసికొనును గనుక, నిలుపుమన్న చోట నిలుపు వాహనము అవసరము.

మొదటినాడు మధ్యాహ్నమునకు అరకు చేరుట, విశ్రాంతి, చల్లబడిన పిదప దగ్గఱనేయున్న గిరిజన వస్తుప్రదర్శనశాల. రెండవనాడు ఉదయము వలిసె పొలములు, పద్మాపురపు తోట, మధ్యాహ్నము ఖాళీ. ఆ ఖాళీని నింపవలదని పుస్తకమున ఎఱ్ఱసిరాతో వ్రాసితిమి. మూడవనాడు తిరుగుదారిలో గాలికొండ మలుపున నిలిచి లోయను జూచుట, అనంతగిరి కాఫీతోటల నీడలో కొంచెముసేపు, ఆ ఉదయపు తక్కిన కాలమంతయు బొర్రా గుహలకే. వాననీరు కొండలోనికి ఇంకుచు సున్నపురాతిని కరగించి, ఆ కరగిన సున్నమును బొట్టుబొట్టుగ మఱల పేర్చుటచే వేలకొలది యేండ్లలో ఏర్పడిన స్తంభములవి. వానిని గంటలో చూచి పరుగెత్తుట మర్యాద గాదు. లోపల నేల తడిగా నుండును గనుక అత్తగారికి రబ్బరు బిళ్ల గల చేతికఱ్ఱను కొంటిమి. గుహలోనికి దిగు మెట్లు సులభములే. లింగమునొద్దకు ఎక్కు మెట్లు నిలువుగా నుండును. ఆమె ఎక్కగలిగిన ఎక్కుదురు, లేనిచో క్రిందనుండియే నమస్కరింతురు. ఆ నిర్ణయము ఆనాడు ఆమెదే.

కటికి జలపాతము, చాపరాయి, లంబసింగి, పాడేరు మోదకొండమ్మ గుడి ఈ పర్యాయము విడిచిపెట్టితిమి. పట్టికనుండి పేరొకటి కొట్టివేయునప్పుడెల్ల మా వారికి ప్రాణము చివుక్కుమన్నది. అంతదూరము పోయి చూడకపోవుటా యని వారి బాధ. అన్నియు చూచివచ్చి ఏదియు జ్ఞాపకములేక, నెల దినములు కాళ్లు పట్టించుకొనువారిని మేమెఱుగుదుము.

వంట సంగతి చివఱకు వచ్చినది. కార్తికమున అత్తగారిది ఏకభుక్తము. పరాయి చేతివంట ముట్టరు. చిన్న గ్యాసుపొయ్యి తీసికొనిపోవుదమని మా వారనిరి. రైలులో అట్టి వస్తువులు నిషిద్ధములు. నిషిద్ధములు గాకున్నను, పొయ్యి వచ్చినచో మేము అరకులో గది నాలుగు గోడలనే చూచి రావలసియుండును. ఈ మాట మేము పైకి అనలేదు, అత్తగారే యనిరి. "రెండు రోజులు అరటిపళ్లు, అటుకులు, పెరుగు చాలు నాకు. కొండకి వెళ్లి కూడా దాని చేత పొయ్యి ఊదిస్తావా నాయనా?" అని కుమారుని మందలించిరి. పదునాలుగేండ్ల కాపురములో మాకు అంతకంటె పెద్ద కానుక ఆమె యిచ్చినట్లు జ్ఞాపకము లేదు. కావున మొదటినాటికి పులిహోర, పిల్లలకు చేగోడీలు మాత్రము ఇంటినుండి తెచ్చుకొని, తక్కిన పూటలు మేము నలుగురము భోజనశాలలో తిందుము. మాంసాహారులకు వెదురుబొంగులో కాల్చిన కోడిమాంసము అచ్చట దారిప్రక్కననే దొరకును; శాకాహారులు ముందుగ విచారించుకొనుట మేలు.

ఇంకొక సంగతి పిల్లలకు మొదటనే చెప్పి యుంచితిమి. మనము పోవుచున్నది ఒకరి యింటికి. భగత, కొండదొర, వాల్మీకి, కోటియ, గదబ, పోర్జ, ఖోండు మున్నగు జాతులవారు తరతరములుగా కాపురమున్న సీమ అది. వారిలో పెక్కుమంది ఆదివాసీ ఒడియాలోను, కువి మొదలగు తమ భాషలలోను మాటాడుదురు. మన తెలుగు వారికి రెండవదో మూడవదో. స్త్రీలు ఒకరి నడుములు ఒకరు చుట్టి, డప్పు, తుడుముల మ్రోతకు గొలుసువలె సాగుచు ఆడు ధింసా వారి పండుగలది, పెండ్లిండ్లది. అడుగక ఎవరి ఛాయాచిత్రమును తీయరాదని అమ్మాయికి చెప్పగా, "మన వాకిట్లో ఎవరైనా వచ్చి నిన్ను ముగ్గేస్తుంటే ఫోటో తీస్తే నీకు కోపం రాదా?" అని తమ్మునికి తానే బోధించినది.

మా దూరపు బంధువొకరు, పోయినవారు పోయినట్లు అచ్చట చిన్న స్థలము కొనుడని సలహా యిచ్చిరి. అట్టి యాలోచనగల సోదరీమణులకు ఈ మాట తెలియవలెను. షెడ్యూల్డు ప్రాంతములయందలి భూమి గిరిజనేతరులకు సంక్రమింపరాదని 1970 నాటి ఒకటవ రెగ్యులేషను నిషేధించుచున్నది. బొర్రా పరిసర గ్రామములలోని గనుల కౌళ్లనుగూర్చి వచ్చిన సమత వ్యాజ్యములో సుప్రీముకోర్టు 1997 లో, ప్రభుత్వము సైతము అట్టి భూమిని గిరిజనేతరులకు కౌలుకియ్యరాదని తీర్పు చెప్పెను. మనము తెచ్చుకొనదగినవి అచ్చటి సంతలో గిరిజన స్త్రీలమ్ము పసుపు, మిరియములు, చింతపండు, కాఫీపొడి. వెండిఓకు చెట్లనీడలో మిరియపుతీగల నడుమ పెరిగిన ఆ కాఫీకి 2019 లో భౌగోళిక గుర్తింపు లభించెను. చలికాలమున పండి యెఱ్ఱనైన కాయలను మాత్రమే చేతులతో ఏరి కోయుదురు. కావున సంతలో బేరము చేయునప్పుడు ఆ చేతులను తలచుకొనుట మంచిది.

ఇవి మా యేర్పాటులు. బయలుదేఱుటకు ఇంకను మూడు వారములున్నవి. వాన పట్టవచ్చును, బండి ఆలస్యము కావచ్చును, అత్తగారి మోకాలు ఆనాటికి వాచవచ్చును. అట్లయిన రెండవనాటి ఖాళీ మధ్యాహ్నము ఉండనే యున్నది. ఇండ్లలో పెద్దవారు "మీరు వెళ్లిరండి" అన్నప్పుడు ఆ మాటను వెంటనే పట్టుకొనక, వారు ఎన్ని మెట్లెక్కగలరో మెల్లగ విచారింపుడని మాత్రము మా విన్నపము. మా యింట ప్రతిదినము సాయంకాలమున దీపము పెట్టిన పిదప, అత్తగారు క్రొత్త చేతికఱ్ఱతో డాబా మెట్లు ఎక్కి దిగుచున్నారు. మొదటి వారమున ఆఱు మెట్లు; నిన్న పదునాలుగు. పొరుగింటామెకు తులసికోట దీపమును ఆమెయే అప్పగించివచ్చిరి. కాశికని దాచిన ఆ దుప్పటిని మేము ఎండలో వేసి, మడతబెట్టి, ఆమె సంచిలో అడుగున సర్దితిమి.